పసిబిడ్డ మీద తండ్రికి హక్కు లేదా?



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం కాస్త ఇబ్బందైనదే. భార్యాభర్తలు విడిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? తల్లి దగ్గర ఉంటే, ఆ బిడ్డను చూసుకోవడానికి తండ్రికి హక్కు ఎంతవరకు ఉంది? ఇదీ విషయం. "ఆడవాళ్ల కార్యక్రమంలో మగవాళ్ల హక్కుల గొడవ ఎందుకమ్మా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ తండ్రి ఎవరు? ఒక ఇంట్లో అల్లుడు, ఇంకో ఇంట్లో కొడుకు. మనలో కూతురి తల్లులూ ఉన్నారు, కొడుకు తల్లులూ ఉన్నారు. రెండూ అయినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. కూతురి విషయంలో ఒక న్యాయం, కొడుకు విషయంలో మరొక న్యాయం చెప్పడం మనకు అలవాటైపోయింది. అందుకని అసలు చట్టం ఏమంటున్నదో ఒకసారి తెలుసుకుంటే మంచిది కదా!

ఆళ్లగడ్డ అమ్మాయిని నంద్యాల అబ్బాయికి ఇచ్చారనుకుందాం. రెండూళ్లకూ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. బస్సెక్కితే శిరివెళ్ల మీదుగా గంట, గంటంబావు ప్రయాణం. పెళ్లయిన కొత్తలో పండగకూ పబ్బానికీ రాకపోకలు బాగానే సాగాయి. తర్వాత మనసులు విరిగాయి. అమ్మాయి నాలుగేళ్ల పిల్లవాణ్ణి తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. తప్పు ఎవరిదన్నది మనం ఇక్కడ తేల్చబోవడం లేదు. ఆదివారం పూట ఆ నాయన బిస్కెట్ల పొట్లం పట్టుకుని ఆళ్లగడ్డ బస్సు దిగుతాడు. గడపలోనే మామగారు అడ్డంగా నిలబడి "పిల్లోడు నిద్రపోతున్నాడు, పొయ్యి మళ్లీ రా" అంటాడు. మరుసటి వారం "వాళ్ల మేనమామతో అహోబిలం పోయినాడు" అంటాడు. మూడో వారం తలుపే తెరవరు. నంద్యాలలో ఆ పిల్లవాడి జేజి, కొడుకు ఒట్టి చేతులతో తిరిగి రావడం చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఇలాంటి కథ మనకు తెలిసిన నాలుగిళ్లలో ఒకదానిలోనైనా వినలేదా?

ఎద్దూ ఎద్దూ పోట్లాడుకుంటే మధ్యన లేగదూడలు నలిగిపోతాయని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక చట్టం సంగతికి వద్దాం. ఒకప్పుడు ఈ చట్టాలన్నీ తండ్రి వైపే ఉండేవి. ఇంగ్లండులో 19వ శతాబ్దం మొదటి భాగంలో బిడ్డ మీద సర్వహక్కులూ తండ్రివే. కారొలీన్ నార్టన్ అనే రచయిత్రిని ఆమె భర్త బిడ్డలకు దూరం చేస్తే, ఆమె పోరాటం ఫలితంగా 1839లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలను తన దగ్గర ఉంచమని తల్లి కోర్టును అడిగే వీలు దానివల్ల మొదటిసారి కలిగింది. మన దేశంలో తెల్లవాళ్ల కాలంలో, 1890లో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చేశారు. ఇప్పటికీ బిడ్డల కేసులు ఎక్కువగా నడిచేది ఆ చట్టం కిందనే. తండ్రి బతికి ఉండి, అతడు పనికిరానివాడు కాకపోతే, మైనరు బిడ్డకు కోర్టు ఇంకొకరిని గార్డియనుగా నియమించకూడదని అందులో 19వ సెక్షన్ చెప్పింది. ఆ సెక్షన్లో "తండ్రి లేదా తల్లి" అని తల్లి మాట చేర్చడానికి 2010 దాకా పట్టింది. అంటే 120 సంవత్సరాలు!

1956లో హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం వచ్చింది. అందులో 6వ సెక్షన్ ప్రకారం మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి. ఈ "తరువాత" అనే మాట మీద పెద్ద చర్చే జరిగింది. గీతా హరిహరన్ అనే రచయిత్రి తన కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, సంరక్షకుడిగా తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. "తరువాత" అంటే తండ్రి చనిపోయిన తరువాత అనే కాదు, తండ్రి దూరంగా ఉన్నా, బిడ్డను పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలు కావచ్చునని 1999లో తీర్పు వచ్చింది. మనకు అది పెద్ద మేలు.

ఇక్కడ మనం తేడా గమనించాల్సిన మాటలు రెండున్నాయి. గార్డియన్ అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు చేసి, ఆస్తిపాస్తులు చూసే సంరక్షకుడు. కస్టడీ అంటే బిడ్డ రోజూ ఎవరి దగ్గర తిని, ఎవరి పక్కన పడుకుంటాడన్నది. గార్డియన్ తండ్రి అయినంత మాత్రాన బిడ్డ ఆయన దగ్గరే ఉండాలని లేదు. అలాగే బిడ్డ తల్లి దగ్గర ఉన్నంత మాత్రాన తండ్రి బయటివాడు అయిపోడు.

ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఆ 6వ సెక్షనే చెబుతుంది. మన ఆళ్లగడ్డ పిల్లవాడికి నాలుగేళ్లు కనుక, తల్లి దగ్గర ఉండటమే సహజం. 2015లో సుప్రీంకోర్టు ఈ మాటను ఇంకా గట్టిగా చెప్పింది. అంత పసివాణ్ణి తల్లి దగ్గర ఉంచకూడదనుకుంటే, ఆమె తగినది కాదని నిరూపించే భారం తండ్రి మీదే ఉంటుంది. మరి ఐదేళ్లు నిండిన మర్నాడు తండ్రి వచ్చి ఎత్తుకుపోవచ్చునా? అదీ కాదు. ఆ చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది. అన్నిటికన్నా మిన్నగా చూడవలసింది బిడ్డ శ్రేయస్సు అని అది చెబుతుంది. బిడ్డకు మంచిచెడ్డలు తెలిసే వయసు వచ్చి ఉంటే వాడి మాట కూడా కోర్టు పరిగణించవచ్చు. చాలాసార్లు జడ్జిగారు తమ గదిలో కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడి, బిడ్డ మనసు తెలుసుకుంటారు. ఇంట్లో చిలకకు నేర్పినట్టు నేర్పి పంపిన మాటలు అనుభవమున్న జడ్జికి తెలియవనుకోకండి.

మన ఊళ్లలో ముస్లిం సోదరీమణులూ చాలామంది ఉన్నారు. వారి హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు ఈడేరే వరకు తల్లి దగ్గర ఉండాలి. దీన్ని హిజానత్ అంటారు. గార్డియన్ మాత్రం తండ్రే. వాళ్ల కేసులు కూడా 1890 నాటి చట్టం కిందనే కోర్టుకు వస్తాయి. అక్కడా బిడ్డ మేలు చూస్తారు.

1973లో సుప్రీంకోర్టు మద్రాసుకు చెందిన ఒక క్రైస్తవ దంపతుల కేసులో ఒక మంచి మాట చెప్పింది. బిడ్డలు తల్లిదండ్రుల సొత్తు కారు, ఆటబొమ్మలూ కారు అన్నది దాని సారాంశం. ఇంకో సంగతి కూడా ఆ తీర్పులో ఉంది. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న ఆజ్ఞ రాతిమీద చెక్కింది కాదు. పరిస్థితులు మారితే, ఆ ఆజ్ఞనూ మార్చమని కోర్టును అడగవచ్చు. మూడేళ్లప్పుడు తల్లి దగ్గర ఉన్న పిల్లవాడు పదమూడో ఏట చదువుకోసం తండ్రి దగ్గరికి రావచ్చు. అందుకే "కేసు గెలిచాం" అని ఎవరూ మీసాలు మెలెయ్యనక్కరలేదు, "ఓడిపోయాం" అని కుంగిపోనూ అక్కరలేదు.

సరే, బిడ్డ తల్లి దగ్గరే ఉన్నాడు. మరి తండ్రి సంగతి? బిడ్డను చూసుకునే హక్కు ఆయనకుంది. కోర్టు భాషలో దీన్ని విజిటేషన్ అంటారు. మొదట్లో వారానికో, పదిహేను రోజులకో ఒకసారి, రెండు మూడు గంటలు కోర్టు ఆవరణలోనో ఇద్దరికీ నచ్చిన చోటనో చూపించమంటారు. బిడ్డకు చనువు పెరిగాక శని, ఆదివారాలు తండ్రి ఇంట్లో ఉండనిస్తారు. వేసవి సెలవుల్లో సగం రోజులు, దసరా, సంక్రాంతి సెలవుల్లో కొన్ని రోజులు, పుట్టినరోజున కొంతసేపు - ఇలా ఆ కుటుంబానికి తగినట్టు కోర్టు రాసి ఇస్తుంది. 2020లో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, దూరాన ఉన్న తల్లికో తండ్రికో బిడ్డతో ఫోనులోనూ, వీడియో కాల్‌లోనూ మాట్లాడే హక్కు ఉండాలని చెప్పింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అని కూడా అంది. 1989లో ఐక్యరాజ్య సమితి చేసిన బాలల హక్కుల ఒడంబడికలో 9వ అధికరణం ఇదే చెబుతుంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది.

ఇప్పుడు మన ఆళ్లగడ్డ గడప దగ్గరికి మళ్లీ వెళదాం. "నిద్రపోతున్నాడు, పొయ్యి రా" అని పంపినప్పుడు ఎవరి హక్కు కాజేసినట్టు? తండ్రిదే అనుకుంటాం. నిజానికి ఆ నాలుగేళ్లవాడిది. లోపల వాడు నిజంగా నిద్రపోతున్నాడా? కిటికీ సందులోంచి చూస్తున్నాడేమో!

దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. "మీ నాయన మంచోడు కాదురా, నిన్ను ఎత్తుకుపోయి అమ్మేస్తాడు" అని పిల్లల మనసులో విషం పొయ్యడం. 2017లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. అందులో చిన్నప్పటినుంచీ తండ్రి దగ్గరే పెరిగిన పాప తల్లి మీద ఇష్టం లేకుండా తయారైంది. ఒకరి దగ్గరే పెరిగిన బిడ్డ మనసు రెండోవారి మీద విరిగేలా చేయడం ఎంత చెరుపో కోర్టు వివరించి, పాపను తల్లి దగ్గర ఉంచి చూడమంది. కనుక ఈ పని తల్లివైపు వాళ్లు చేసినా, తండ్రివైపు వాళ్లు చేసినా నష్టపోయేది బిడ్డే.

తల్లి చనిపోయిన ఇళ్ల సంగతి మరీ బాధాకరం. కూతురు పోయిన దుఃఖంలో అమ్మమ్మ ఆ బిడ్డలోనే కూతుర్ని చూసుకుంటుంది. అల్లుడు వచ్చి బిడ్డనివ్వమంటే ప్రాణం తీసినట్టుంటుంది. 2019లో ఇలాంటి కేసులో, క్యాన్సర్‌తో తల్లి పోయిన బిడ్డను తల్లివైపు బంధువులు పెంచుతుంటే, సహజ సంరక్షకుడు తండ్రి కనుక బిడ్డను ఆయనకే ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ బెంగ పెట్టుకోకుండా పెంచినవాళ్లు వచ్చి చూసిపోయే వీలు కూడా కల్పించింది. అలాగని తండ్రి ఎలాంటివాడైనా సరేనా? కాదు. 2008లో మరో కేసు. కట్నం కోసం భార్యను వేధించి, ఆమె చావుకు కారణమయ్యాడని అభియోగం ఉన్న తండ్రికి కింది కోర్టులు బిడ్డను అప్పగించాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టివేసింది. తండ్రి నడవడి చూడొద్దా, బిడ్డ ఏమంటున్నాడో వినొద్దా అని అడిగి, అమ్మమ్మ తాతల దగ్గరే ఉంచింది. చూశారా, రెండు కేసులూ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా వచ్చింది బిడ్డ మేలు దగ్గర.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తాగొచ్చి కొట్టే భర్త నుంచి ప్రాణం దక్కించుకుని వచ్చిన అమ్మాయిని "తండ్రికి హక్కుందిలే, పంపించు" అని మనం ఒత్తిడి చేయకూడదు. గృహహింస నిరోధానికి 2005లో వచ్చిన చట్టంలో 21వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లి దగ్గర ఉంచవచ్చు. తండ్రి చూడటం వల్ల బిడ్డకు హాని ఉందనుకుంటే చూపించవద్దనీ చెప్పవచ్చు. భయం నిజమైతే కోర్టుకు చెప్పుకోండి, ఎవరైనా పెద్దవాళ్ల ఎదుట మాత్రమే చూసేలా ఏర్పాటు అడగండి. కాని మొగుడి మీద కోపాన్ని బిడ్డకు భయంగా మార్చి చెప్పకండి. ఆ రెండింటికీ తేడా మన మనసుకు తెలుస్తుంది.

మరి కోర్టుకు ఎక్కడికి వెళ్లాలి? బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే ఆ ప్రాంతం మీద అధికారమున్న కోర్టులోనే గార్డియన్ కేసు వేయాలి. ఇది 1890 చట్టంలో 9వ సెక్షన్. నాయన హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నా, బిడ్డ ఆళ్లగడ్డలో బడికి పోతుంటే అక్కడ ఫ్యామిలీ కోర్టులో వేస్తే కుదరదు. ఇటువైపు కోర్టుకే రావాలి. ఫ్యామిలీ కోర్టు లేనిచోట ఈ కేసులు మామూలుగా జిల్లా కోర్టు స్థాయిలో నడుస్తాయి. విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద బిడ్డ సంగతి కూడా అందులోనే అడగవచ్చు. కేసు తేలేదాకా బిడ్డను చూడకుండా ఉండనక్కరలేదు. మధ్యంతర ఆజ్ఞ కోరవచ్చు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన వీధుల్లోనూ ఉన్నాయి కనుక ఇది కూడా చెబుతాను. అమెరికాలో పుట్టి పెరుగుతున్న ఇద్దరు పిల్లలను 2017లో తల్లి హైదరాబాదు తీసుకువచ్చి, ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. పిల్లల నివాసం అమెరికా కనుక ఆ కేసు ఇక్కడ చెల్లదని హైకోర్టు అంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. సెలవులకు వచ్చిన పిల్లలను ఇక్కడే ఉంచేస్తే ఇక్కడివాళ్లు అయిపోతారనుకోవడం పొరపాటు.

కోర్టు ఖర్చుకు భయపడేవారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న మగవారికీ ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

మన వైపు పెద్దమనుషుల పంచాయితీ ఒకటుంది. కూర్చోబెట్టి మంచి మాటలు చెబితే మంచిదే. కాని "బిడ్డతో నాకు ఏ సంబంధమూ లేదు" అని తండ్రిచేత స్టాంపు కాగితం రాయించడం, "ఐదేళ్లు నిండగానే బిడ్డను అప్పగిస్తాను" అని తల్లిచేత రాయించడం - ఈ కాగితాలకు కోర్టు కట్టుబడి ఉండదు. బిడ్డ మేలును కాగితం మీద అమ్ముకునే అధికారం ఎవరికీ లేదు.

అలాగే భరణం సంగతి. "బిడ్డను చూపించలేదు, అందుకే డబ్బు ఆపేశాను" అంటాడు తండ్రి. "డబ్బు పంపలేదు, అందుకే చూపించను" అంటుంది తల్లి. రెండూ తప్పే. బిడ్డను పోషించడం తండ్రి విధి. అది బిడ్డను చూపిస్తే ఇచ్చే టిక్కెట్టు డబ్బు కాదు. భరణం రాకపోతే దానికి వేరే దారి ఉంది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టంలో 144వ సెక్షన్ కింద, అంటే పాత 125వ సెక్షన్ స్థానంలో, మేజిస్ట్రేటు దగ్గర అడగవచ్చు. బడి గేటు దగ్గర కాపుకాసి బిడ్డను ఎత్తుకుపోయే తండ్రి కూడా తన కేసును తానే పాడుచేసుకుంటున్నాడు. కోర్టు చూపించమన్నాక చూపించని తల్లికీ అంతే.

ఇందులో మన ఆడవాళ్ల చేతిలో ఉన్నది ఎంతో ఉంది. తలుపు తీసేదీ, వేసేదీ చాలా ఇళ్లలో అమ్మమ్మే. పిల్లవాడికి తలదువ్వి, మంచి చొక్కా తొడిగి "మీ నాయన వచ్చినాడు పో నాయనా" అనగలిగేదీ ఆవిడే. ఇటువైపు జేజి కూడా, బిడ్డ వచ్చిన రెండు గంటల్లోనూ "మీ అమ్మ నీకు అన్నం పెడుతోందా?" అని ఆరాలు తీయకుండా నోట్లో ఇంత ముద్ద పెట్టి పంపితే చాలు. మనసు విరిగిన ఆలుమగలకు కోర్టు విడాకులు ఇస్తుంది. తండ్రికీ బిడ్డకూ మాత్రం విడాకులు ఇవ్వదు. మన గడప దగ్గర మనం ఇవ్వకుండా ఉంటే చాలు.